పొరుగు క్లబ్ దివాలా తీసిన వేళ: గ్లాస్గో యాత్ర

గ్లాస్గోలో మా అన్నయ్య కూతురు చదువుకుంటోంది. ఆమెను చూసిరావాలన్నది ప్రయాణానికి మొదటి కారణమైతే, 2012లో ఆ నగరంలో జరిగిన ఒక ఉదంతం గురించి అక్కడి మనుషుల నోటనే వినాలన్నది రెండో కారణం. ఆ ఏడాది, అప్పటికి స్కాట్లండ్‌లో అత్యధిక లీగ్ టైటిళ్లు గెలిచిన రేంజర్స్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్థికంగా కుప్పకూలింది. అదే నగరానికి రెండో చివర ఉన్న సెల్టిక్ క్లబ్ అభిమానులు పండుగ చేసుకున్నారు. ఒక సంస్థ పతనమై, ఉద్యోగుల బతుకులు గాలిలో వేలాడుతున్నప్పుడు పక్కవాళ్లు సంబరం చేసుకోవడం తప్పా, ఒప్పా అన్న ప్రశ్న చాలా కాలంగా నన్ను వదలలేదు.

నేను దిగిన సాయంత్రమే మా అమ్మాయి ఒక జాగ్రత్త చెప్పింది. "బాబాయ్, రేపు మీరు తిరిగే చోట్లకు ఆకుపచ్చ గానీ నీలం గానీ వేసుకోకండి. మామూలు రోజుల్లో ఎవరూ ఏమీ అనరు, అయినా బూడిద రంగు మేలు" అంది. ఆకుపచ్చ, తెలుపు సెల్టిక్ రంగులు, నీలం రేంజర్స్‌ది. ఆ రంగుల వెనక మతం ఉంది, వలస ఉంది. ఐర్లండ్ నుంచి వచ్చిన పేద కాథలిక్ కుటుంబాల పిల్లలకు తిండి పెట్టేందుకు బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అనే క్రైస్తవ సన్యాసి చొరవతో 1887లో సెల్టిక్ పుట్టింది. 1872లో మొదలైన రేంజర్స్ కాలక్రమంలో ప్రొటెస్టంట్ల జట్టుగా గుర్తింపు పొందింది. సెల్టిక్ 1888 మే నెలలో ఆడిన మొట్టమొదటి మ్యాచ్ కూడా రేంజర్స్‌తోనే; అందులో 5-2తో గెలిచింది.

మరునాడు పొద్దున్నే తూర్పు వైపున్న పార్క్‌హెడ్‌కు వెళ్లాను. సన్నటి వాన కురుస్తూనే ఉంది. సెల్టిక్ పార్క్ ముందర వాల్‌ఫ్రిడ్, 1967లో యూరోపియన్ కప్ గెలిపించిన కోచ్ జాక్ స్టీన్, ఆ జట్టులోని జిమ్మీ జాన్‌స్టన్ విగ్రహాలు ఉన్నాయి. సుమారు 60,000 మంది కూర్చోగల ఆ స్టేడియం సొంతదారుడి ఆస్తిలా కాక ఊరి గుడిలా కనిపిస్తుంది. వచ్చినవాళ్లు విగ్రహాల పాదాల దగ్గర ఆగి, చేత్తో తాకి మరీ లోపలికి వెళుతున్నారు. స్టేడియం చూపించిన గైడ్ చెప్పిన విషయాల్లో నన్ను నిలబెట్టేసింది 1994 నాటి కథ. ఆ ఏడాది మార్చి మొదటి వారంలో సెల్టిక్ కూడా బ్యాంకు అప్పు కట్టలేక మూతపడే అంచుకు చేరింది. కెనడాలో స్థిరపడిన ఫెర్గస్ మెక్‌కాన్ అనే వ్యాపారి చివరి గంటల్లో డబ్బు తెచ్చి క్లబ్‌ను చేతిలోకి తీసుకున్నాడు. ఆ తరువాత వాటాలు అమ్మకానికి పెడితే అభిమానులే వేల సంఖ్యలో కొన్నారు. ఖర్చు అదుపులో పెట్టిన మనిషిని ఆనాడు సొంత అభిమానులే ఈలలు వేసి ఎగతాళి చేశారు. 2014లో అతను తిరిగి వచ్చి లీగ్ జెండా ఎగరవేసినప్పుడు మాత్రం నిలబడి చప్పట్లు కొట్టారు.

అదే కాలంలో రేంజర్స్ ఎలా ఉండేది? డేవిడ్ మర్రీ 1988లో ఆ క్లబ్‌ను 60 లక్షల పౌండ్లకు కొన్నాడు. సెల్టిక్ అయిదు పౌండ్లు ఖర్చు పెడితే తాము పది పెడతామన్న ఆయన మాట ఈనాటికీ గ్లాస్గోలో అందరి నోటా ఉంది. పెద్ద పెద్ద ఆటగాళ్లు వచ్చారు, 1989 నుంచి 1997 దాకా వరుసగా తొమ్మిది టైటిళ్లు వచ్చాయి. తరువాత 2001 మొదలు దాదాపు పదేళ్లపాటు ఆటగాళ్లకు, అధికారులకు జీతం కాక ట్రస్టుల ద్వారా అప్పు పేరిట డబ్బు చెల్లించే పద్ధతి నడిచింది. అది జీతమే, దానికి పన్ను కట్టాలని బ్రిటన్ పన్నుల శాఖ వాదించింది. 2017 జులైలో సుప్రీంకోర్టు ఆ వాదాన్నే సమర్థించింది. ఆ తీర్పు రాకముందే క్లబ్ చేతులు మారింది. 2011 మే నెలలో క్రెయిగ్ వైట్ అనే వ్యాపారి మర్రీ నుంచి ఒకే ఒక్క పౌండుకు క్లబ్‌ను కొన్నాడు. బ్యాంకుకు ఉన్న సుమారు 1.8 కోట్ల పౌండ్ల బాకీ తీర్చడానికి, రాబోయే సంవత్సరాల సీజన్ టికెట్ల ఆదాయాన్ని ముందే ఒక సంస్థకు అమ్మి తెచ్చిన డబ్బు వాడాడని తరువాత బయటపడింది. కొనుగోలులో మోసం చేశాడన్న కేసులో 2017లో అతను నిర్దోషిగా బయటపడ్డాడు. కానీ ఆ నెలల్లో సిబ్బంది జీతాల నుంచి మినహాయించిన పన్ను ప్రభుత్వానికి చేరలేదు. 2012 ఫిబ్రవరి 14న రేంజర్స్ అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే అప్పులవాళ్ల తరఫున బయటి అధికారులు పగ్గాలు పట్టే స్థితిలోకి వెళ్లింది.

ఆ రోజు సంగతి వినడానికి మధ్యాహ్నం గ్యాలోగేట్ వీధిలో ఒక పబ్‌కు వెళ్లాను. బారాస్ సంత దగ్గర్లోనే ఉంటుంది. గోడల నిండా ఆకుపచ్చ కండువాలు. డెబ్బయ్యేళ్ల పైబడిన ఒక పెద్దాయన, రిటైరైన ఎలక్ట్రీషియన్, నా ప్రశ్న వినగానే కుర్చీ దగ్గరకు లాక్కుని మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం ఈ పబ్‌లో జెల్లీ, ఐస్‌క్రీమ్ పంచారట. అక్కడ పిల్లల పుట్టినరోజులకు పెట్టే తినుబండారం అది; రేంజర్స్ చచ్చిన రోజు తింటామని సెల్టిక్ అభిమానులు ఏళ్ల తరబడి పాడుకున్న పాట నిజమైనందుకు పెద్దవాళ్లు గిన్నెల్లో వేసుకుని తిన్నారు. "నేనూ తిన్నాను. మనవడికి కూడా పెట్టాను" అన్నాడు ఆయన, తడుముకోకుండా.

మీకు బాధ అనిపించలేదా అని అడిగాను. ఆయన చెప్పినది నాకు ఇంచుమించు మాటకు మాట గుర్తుంది. "నేను యాభై ఏళ్లు పన్ను కట్టాను. నా క్లబ్ తొంభైలలో అప్పు తీర్చడానికి మంచి ఆటగాళ్లను అమ్ముకుంది. వాళ్లు పన్ను కట్టని డబ్బుతో కొన్న ఆటగాళ్లు మా మీద గోల్స్ కొట్టారు. ఆ కప్పులు మాకు రావలసినవి. నేను నవ్వింది మనుషుల బాధకు కాదు, లెక్క తేలినందుకు." కాసేపు ఆగి, చిన్న చిన్న అప్పులవాళ్ల సంగతి ఎత్తాడు. అప్పులవాళ్ల జాబితాలో 276 పేర్లు ఉన్నాయి. వాటిలో పెద్ద సంస్థలతో పాటు చిల్లర వ్యాపారులూ ఉన్నారు. "ఆ దుకాణాలవాళ్లు నీలమా ఆకుపచ్చా అని నేను చూడను. వాళ్ల సొమ్ము పోయింది" అన్నాడు.

ఆ మనిషి కోపం నాకు న్యాయంగానే అనిపించింది. ఆటలో ఓడిపోవడం వేరు, ఎదుటివాడు తనది కాని సొమ్ముతో ఆడాడని తరువాత తెలియడం వేరు. అయితే ఆయన పక్కన కూర్చున్న యువకుడొకడు, రేంజర్స్ అభిమానులను నడిచే శవాలని పిలుస్తూ చెప్పిన మాటల్లో లెక్క లేదు, న్యాయం లేదు, పాత ద్వేషం మాత్రమే ఉంది. ఆ రెంటినీ ఒకే గాటన కట్టకూడదని నా అభిప్రాయం.

ఈ ఉదంతంలో బయటివాళ్లు తరచూ మరిచిపోయే భాగం ఒకటుంది. తక్కువ మొత్తానికి రాజీ పడమన్న ప్రతిపాదనను పన్నుల శాఖ 2012 జూన్‌లో తిరస్కరించింది. పాత కంపెనీ లిక్విడేషన్‌కు, అంటే ఉన్నది అమ్మి అప్పులవాళ్లకు పంచి మూసేసే దశకు వెళ్లింది. చార్లెస్ గ్రీన్ నాయకత్వంలోని బృందం 55 లక్షల పౌండ్లకు స్టేడియం సహా ఆస్తులను కొని కొత్త కంపెనీ పెట్టింది. ఆ కొత్త కంపెనీని పై లీగ్‌లోనే కొనసాగనివ్వాలా? రేంజర్స్ లేకపోతే టీవీ డబ్బు పోతుందని అధికారులు భయపడ్డారు. దేశ ఫుట్‌బాల్ సంఘం అధిపతి స్టువర్ట్ రీగన్ సామాజిక అశాంతి వస్తుందనేంత వరకు వెళ్లాడు. అప్పుడు కదిలింది అబర్డీన్, డండీ యునైటెడ్, హిబ్స్, హార్ట్స్ వంటి జట్ల మామూలు అభిమానులు. రేంజర్స్‌ను దొడ్డిదారిన రానిస్తే వచ్చే ఏడాది సీజన్ టికెట్ కొనేది లేదని తమ తమ క్లబ్‌లకు తెగేసి చెప్పారు. తమ సొంత జట్టుకే నష్టం వస్తుందని తెలిసి చేసిన పని అది. జులై 4న పై లీగ్‌లోని 12 క్లబ్‌లలో పది కొత్త కంపెనీకి వ్యతిరేకంగా ఓటు వేశాయి. జులై 13న దిగువ లీగ్‌ల 30 క్లబ్‌లలో 25, రేంజర్స్ అట్టడుగున, అంటే నాలుగో మెట్టు నుంచి మొదలుపెట్టాలని తేల్చాయి. డబ్బు కోసం నియమం వంచకూడదని ప్రేక్షకులు పట్టుబట్టి నెగ్గిన సందర్భాలు ఆటల చరిత్రలో అరుదు. జెల్లీ గిన్నెల కంటే ఈ ఓట్ల కథే ఎక్కువ మందికి తెలియాలని నేను కోరుకుంటాను.

తరువాతి రోజు రైలెక్కి క్రాస్‌హిల్‌లో దిగి క్యాత్కిన్ పార్క్‌కు నడిచాను. క్లబ్ చావంటే ఏమిటో చూడాలంటే వెళ్లవలసిన చోటు అదే. థర్డ్ లానార్క్ అనే క్లబ్ మైదానం అది. 1904లో లీగ్ విజేత, రెండుసార్లు స్కాటిష్ కప్ విజేత. 1960-61 సీజన్‌లో 34 మ్యాచ్‌లలో 100 గోల్స్ కొట్టి మూడో స్థానంలో నిలిచిన జట్టు, పాలకుల అవకతవకల వల్ల ఆరేళ్లకే, 1967లో, మూతపడింది. అదే వసంతంలో సెల్టిక్ లిస్బన్‌లో యూరోపియన్ కప్ గెలిచింది. రేంజర్స్ న్యూరెంబర్గ్‌లో మరో యూరోపియన్ ఫైనల్ ఆడింది. ఊరంతా ఆ సందడిలో ఉండగా మూడో క్లబ్ పోయింది. ఇప్పుడు అది మునిసిపల్ పార్కు. మూడు వైపులా ప్రేక్షకులు నిలబడే కాంక్రీటు మెట్లు ఇంకా ఉన్నాయి. మెట్ల చీలికల్లోంచి పెద్ద చెట్లు లేచాయి. జనం తోపులాటలో పడిపోకుండా పాతిన ఇనుప కమ్మీలకు నాచు పట్టింది. ఒక కమ్మీ మీద చెయ్యి వేసి చూస్తే మధ్యభాగం నున్నగా ఉంది.

అక్కడ నాకు మన హైదరాబాద్ ఎఫ్‌సీ గుర్తొచ్చి మనసు బరువెక్కింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన జట్టు, రెండేళ్లు తిరగకముందే జీతాలు చెల్లించలేక ఆటగాళ్లను పోగొట్టుకుంది. చివరకు యాజమాన్యం మారి, పేరు మారి ఢిల్లీకి తరలిపోయింది. ఒకప్పుడు రహీం సాబ్ శిక్షణలో ఒలింపిక్ ఆటగాళ్లను ఇచ్చిన నగరం మనది. గచ్చిబౌలిలో ఆ జట్టు కోసం గొంతు చించుకున్న కుర్రాళ్లు ఉన్నారు. కానీ వాళ్లను ఆటపట్టించడానికైనా ఎదురు వీధిలో ఇంకో క్లబ్ లేకపోయింది. ఓట్లు లేవు, వాదం లేదు. వార్త ఒక రోజు వచ్చి మరునాటికి పోయింది.

చివరిగా రేంజర్స్ స్టేడియం ఐబ్రాక్స్. గ్లాస్గో సబ్‌వే ఒక వలయం, 15 స్టేషన్లు. ఐబ్రాక్స్ స్టేషన్‌లో దిగితే ఎర్ర ఇటుకల స్టాండు అయిదు నిమిషాల నడక. మూలన 1971 జనవరి 2న మెట్ల మీద తొక్కిసలాటలో పోయిన 66 మంది స్మారకం, దాని మీద ఆనాటి కెప్టెన్ జాన్ గ్రెగ్ విగ్రహం. అక్కడ పూలు సర్దుతున్న అరవై ఏళ్ల మనిషితో మాటలు కలిశాయి. ఆ స్టేడియం ఉన్న గోవన్ ప్రాంతంలోనే పుట్టి, నౌకల తయారీ యార్డులో వెల్డర్‌గా పనిచేసినవాడు.

ఆయన 2012 ఆగస్టు గురించి చెబుతుంటే గొంతు వణికింది. పీటర్‌హెడ్ అనే చిన్న రేవు పట్టణంలో 2-2తో మొదటి లీగ్ మ్యాచ్; ఆ తరువాతి వారం ఐబ్రాక్స్‌లో ఈస్ట్ స్టర్లింగ్‌షైర్ మీద 5-1 విజయం. నాలుగో మెట్టు మ్యాచ్‌కు ఆ రోజు వచ్చినవాళ్లు 49,118 మంది. "సెల్టిక్ వాళ్లు మాది కొత్త క్లబ్ అంటారు. 2015లో పత్రికలో పూర్తి పేజీ ప్రకటన వేయించి మరీ అన్నారు. కంపెనీ చచ్చింది, నేను చావలేదు కదా. ఆ 49 వేల మంది ఎవరు?" అని అడిగాడు. మెట్టు మెట్టు ఎక్కి 2016లో జట్టు పైకి వచ్చింది, 2021లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ గెలిచింది. సెల్టిక్ వరుసగా పదో టైటిల్ ఆశ అక్కడ ఆగిపోయింది. చట్టం దృష్టిలో కంపెనీ వేరు, క్లబ్ వేరు అన్న వాదంలో నేను తీర్పరిని కాను. కానీ ఆయన ప్రశ్నకు జవాబు ఆ స్టేడియంలోనే కూర్చుని ఉందని నమ్ముతాను.

సెల్టిక్ కూలి ఉంటే మీరేం చేసేవారని అడిగాను. 1994లో తామూ నవ్వామని, వాళ్లు మూతపడాలని కోరుకున్నామని ఒప్పుకున్నాడు. అందుకే జెల్లీ తిన్నవాళ్ల మీద తనకు కోపం లేదన్నాడు. ఒక్క విషయంలో మాత్రం వాళ్లకు ఎదురు చెప్పలేనన్నాడు. అది ఆ 276 పేర్ల జాబితాలోని చిన్న వ్యాపారుల సంగతి. యజమానులు చేసిన దానికి అభిమానులు బాధ్యులు కారన్నది నిజమే గానీ, కప్పులు వస్తున్నంత కాలం ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోందని తాము ఎప్పుడూ అడగలేదని చెప్పాడు. ఇప్పుడు క్లబ్ వార్షిక లెక్కలు వెలువడిన రోజున ఆయన వాటిని తెప్పించుకుని మొదటి పేజీ నుంచి చదువుతాడట, అర్థం కానివి అకౌంటెంట్ అయిన కూతురిని అడుగుతాడట. తన స్టాండులో తన వరుసలో కూర్చునేవాళ్లలో ఆ అలవాటు చాలామందికి 2012 తరువాతే వచ్చిందని అన్నాడు.