రెండేళ్ల చిన్నితో వండర్‌లాకు

రెండేళ్ల పిల్లను హైదరాబాద్ దగ్గరున్న వండర్‌లా పార్కుకు, రైడ్లూ నీళ్ల ఆటలూ ఉండే చోటికి, తీసుకెళ్తున్నామంటే మా వీధిలో అందరిదీ ఒకటే మాట. "అంత చిన్నబిడ్డకు ఏం తెలుస్తాదప్పా, డబ్బులు దండగ." మా ఇంటామె కూడా మొదట అదే అంది. పెద్దయ్యాక పోతే గుర్తుంటుంది కదా అని ఆమె వాదన. నాకది ఎక్కలేదు. గుర్తుండటమే లెక్కయితే ఆ వయసు పిల్లకు కథ చెప్పడం, చందమామను చూపించడం కూడా దండగే కావాలి. పదేళ్ల పిల్లలు పార్కులో కాలు పెట్టగానే ఏ రైడ్ ఎక్కాలి, ఎక్కడ క్యూ తక్కువుంది అని చూస్తారు. రెండేళ్ల పిల్లకు ఆ గోలే లేదు. కాలువలో నీళ్లు పారుతుంటే అక్కడే చతికిలబడుతుంది. మా మనవరాలు చిన్ని ఇప్పుడు ఆ వయసులో ఉంది. దాని పక్కన ఒక రోజంతా అట్లా తిరగాలని నాకు మహా కోరిక.

నేను ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. కర్నూలు డిపో గ్యారేజీలో, బస్సుల కింద పడుకునే సర్వీసంతా గడిచింది. అందుకే ఇందులో పిల్ల సంగతులతో పాటు యంత్రాల సంగతులూ వస్తాయి.

ముందు ఎత్తు గురించి. వండర్‌లాలో టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. 85 నుంచి 140 వరకు పిల్లల టికెట్, ఆపైన పెద్దల టికెట్. బయల్దేరే ముందు చిన్నిని గోడకు ఆనించి నిలబెట్టి, తలమీద అట్ట పెట్టి గీత గీసి, నా పాత స్టీలు టేపుతో కొలిచాను. 87 వచ్చింది. "రెండు సెంటీమీటర్లే కదా, గేటు దగ్గర మోకాళ్లు కొంచెం వంచమనండి" అని పక్కింటాయన సలహా ఇచ్చాడు. మంచిమనిషే, మా డబ్బు మిగలాలనే చెప్పాడు. నేను మాత్రం టికెట్ కొనాల్సిందే అన్నాను. కొలత విషయంలో అబద్ధం మొదలుపెడితే అది గేటు దగ్గర ఆగదు. లోపల రైడ్ల దగ్గర కూడా కొలతే చూస్తారు. అక్కడ ఇంకో సలహా వస్తుంది, కాలి మునివేళ్ల మీద నిలబెట్టమని.

పెద్ద రైడ్లలో ఒంటిని పట్టి ఉంచే బార్ పెద్దవాళ్ల తొడలు, భుజాలు చూసుకుని తయారుచేసింది. చిన్న ఒంటికి అది లాక్ పడినట్టే కనిపిస్తుంది గానీ సందు మిగులుతుంది. మలుపులో ఒళ్లు ఆ సందులోంచి జారుతుంది. పైగా పసిపిల్లలకు తల బరువెక్కువ. పుట్టినప్పుడు ఒంటి పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది, రెండేళ్లకు ఐదో వంతు దాకా వస్తుంది. పెద్దవాళ్లకు ఏడెనిమిది వంతుల్లో ఒకటి. అంత తలను మోసే మెడ ఇంకా లేతది. రైడ్ ముందు పిల్లల ఎత్తు కొలిచే కుర్రవాడు "కాదు" అంటే మన పిల్ల మేలుకే అంటున్నాడు. అతనితో గొడవ పెట్టుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

దసరా సెలవులు అయిపోయాక ఒక బుధవారం చూసుకుని బయల్దేరాం. డిసెంబరు, జనవరిలో స్కూళ్ల టూర్ బస్సులు వరసగా దిగుతాయి. ఎండాకాలం ఈ వయసు పిల్లతో వద్దే వద్దు. మా అబ్బాయి కారు, మేం నలుగురం, చిన్ని. పిల్లకు సీటు విడిగా బిగించాం. మా ఇంటామె "నా ఒళ్లో కూచుంటాది కదా, ఆ కుర్చీ ఏంటికి?" అంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ ఉండాలని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టమే చెబుతుంది. లేకపోతే 1000 రూపాయల జరిమానా. జరిమానా సంగతి అటుంచితే, సడన్ బ్రేకు వేసినప్పుడు బండి ఆగుతుంది గానీ లోపలున్నవాళ్లు అదే వేగంతో ముందుకు పోతారు. ఆ ఊపులో పది పన్నెండు కిలోల పిల్లను ఏ తల్లి చేతులూ ఆపలేవు. బ్రేకుల పని చేసినవాణ్ని, ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినను.

44వ నంబరు హైవే మీద తుంగభద్ర వంతెన దాటి, పుల్లూరు టోల్‌గేటు దాటితే ఇక దారి సాఫీ. బీచుపల్లి దగ్గర కృష్ణను చూపించి "చిన్నీ, నీళ్లు!" అంటే అది నదిని వదిలేసి వంతెన మీద వెళ్తున్న లారీల్ని చూసి చప్పట్లు కొట్టింది. పెబ్బేరు, కొత్తకోట, జడ్చర్ల, షాద్‌నగర్. మధ్యలో ఒక హోటల్ దగ్గర ఆగాం. ఇడ్లీ బాగుంది, కానీ పిల్లకు డైపర్ మార్చడానికి శుభ్రమైన చోటు లేదు. మా కోడలు కారు వెనక సీట్లోనే ఆ పని కానిచ్చింది. ఇంత పెద్ద హైవే మీద, రోజూ ఇన్ని కుటుంబాలు పోయే దారిలో, ప్రతి హోటల్లో ఒక చిన్న గది, ఒక బల్ల, ఒక కుళాయి పెట్టడం పెద్ద ఖర్చేం కాదు. తల్లులు పడే ఇబ్బంది మగవాళ్లకు కనపడాలి.

శంషాబాద్ దగ్గర అవుటర్ రింగు రోడ్డెక్కి, 13వ నంబరు ఎగ్జిట్‌లో రావిర్యాల దగ్గర దిగితే పార్కు. వండర్‌లా వాళ్ల పార్కు మొదట కొచ్చిలో 2000లో, తర్వాత బెంగళూరులో 2005లో, ఇక్కడ 2016లో మొదలైంది. కర్నూలు నుంచి మాకు ఆగుతూ పోతే మూడున్నర గంటలు పట్టింది.

లోపలికి పోగానే మా అబ్బాయి ఫోనులో మ్యాపు తెరిచి, ముందు ఇది, తర్వాత అది అని ప్లాను చెప్పడం మొదలుపెట్టాడు. ఇంత డబ్బు పోసి వచ్చాం కాబట్టి అన్నీ చూడాలని వాడి తాపత్రయం. తప్పు లేదు. కానీ చిన్నికి రంగుల రాట్నం కనిపించింది. ఆ తర్వాత ఇక మ్యాపు లేదు.

మొదటిసారి నా ఒళ్లో కూర్చుంది, గుర్రం మీద కాదు. పక్కనున్న బల్ల మీద. నా చొక్కా గుండీ పట్టుకుని, పెదవులు బిగించి, పైకీ కిందికీ పోయే గుర్రాల్నే చూసింది. ఆగగానే "మల్లా" అంది. రెండోసారి గుర్రం మెడ మీద చెయ్యి వేసింది. "మల్లా." ఆ తర్వాత గుర్రం ఎక్కింది, నేను పక్కన నిలబడి నడుము పట్టుకున్నాను. ఇంకోసారి ఎక్కినప్పుడు చేతిలో మిగిలిన బొరుగులు ఒక్కొక్కటే తీసి గుర్రం నోటికి పెట్టడం మొదలుపెట్టింది. గుర్రానికి పళ్లు చెక్కారు గానీ నోట్లో సందు లేదు. బొరుగు కింద పడుతుంది. చిన్ని వంగి చూస్తుంది, ఇంకోటి తీస్తుంది, ఈసారి మెల్లగా పెడుతుంది. అది కూడా పడుతుంది. కోపం లేదు, విసుగు లేదు. రాట్నం తిరిగినంతసేపూ అదే పని.

నేను తలెత్తి పైకి చూశాను. గుర్రాన్ని గుచ్చిన స్తంభం కప్పు కింద ఒక వంకర ఇరుసుకు వేలాడుతుంది. వేదిక తిరుగుతుంటే పైనున్న గేర్లు ఆ ఇరుసును తిప్పుతాయి. వంకర పైకొచ్చినప్పుడు గుర్రం లేస్తుంది, కిందికొచ్చినప్పుడు దిగుతుంది. అచ్చంగా క్రాంక్ షాఫ్టు! బస్సు ఇంజనులో పిస్టన్లు కిందికీ మీదికీ ఆడి క్రాంకును తిప్పుతాయి. ఇక్కడ క్రాంకు తిరిగి గుర్రాల్ని ఆడిస్తుంది. ఒక్కో గుర్రానికి వంకర ఒక్కో కోణంలో పెట్టారు, అందుకే ఒకటి లేస్తుంటే పక్కది దిగుతుంది. సర్వీసంతా విప్పి బిగించిన వస్తువు నా మనవరాలి నెత్తిన ఇంత అందంగా తిరుగుతుంటే నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. చిన్నికి చూపించి "చూడు, క్రాంకు" అన్నాను. "కాంకు" అంది. మా ఇంటామె కింద నిలబడి నవ్వుతూ ఉంది.

"నాయనా, ఇంకా చానా ఉన్నాయి, ఎన్నిసార్లు ఎక్కిస్తావ్?" అన్నాడు మా అబ్బాయి. దానికి చాలనిపించేదాకా అన్నాను. గ్యారేజీకి కొత్తగా వచ్చిన కుర్రవాడు ఒకే గేర్‌బాక్సును మళ్లీ మళ్లీ విప్పితేనే చేతికి పని వస్తుంది. రోజుకో కొత్త బండి చూపిస్తే ఏదీ రాదు. చిన్ని కూడా ఆ రాట్నం దగ్గర పని నేర్చుకుంటోంది. మొదట భయం, తర్వాత చెయ్యి, తర్వాత గుర్రానికి తిండి. మొదటిసారికే దించి ఇంకో చోటికి లాక్కెళ్లి ఉంటే దాని దగ్గర మిగిలేది భయం ఒక్కటే.

నీళ్ల దగ్గర మాత్రం నా పద్ధతి కఠినం. చీలమండ లోతున్న పిల్లల కొలను అయినా, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒకరుండాలి. ఒడ్డున కుర్చీలో కూర్చుని చూడటం సరిపోదు. పసిపిల్లలు నీళ్లలో బోర్లా పడితే అరవరు, చేతులు కొట్టరు. కొద్ది అంగుళాల లోతులోనే, చప్పుడు లేకుండా ప్రమాదం జరుగుతుంది. మామూలు డైపరుతో నీళ్లలోకి దింపితే అది ఉబ్బి బరువెక్కి జారిపోతుంది. నీళ్లకని వేరే డైపర్లు దొరుకుతాయి, మా కోడలు ముందే తెచ్చి పెట్టింది. కాటన్ బట్టలతో కొలనులోకి వద్దంటారు కాబట్టి మా ఇంటామె చీరతో ఒడ్డునే ఉండి తుండుగుడ్డ పట్టుకుంది. చిన్ని పెదవులు కొంచెం నీలం తిరగగానే బయటికి తీశాం. ఏడ్చింది. ఏడవనిచ్చాం.

తిండి విషయం ఒకటి. బయల్దేరేటప్పుడు మా ఇంటామె చెనిక్కాయల ఉండలు కట్టింది. పెద్దవాళ్లకు సరే. నాలుగేళ్ల లోపు పిల్లలకు చెనిక్కాయ గింజ గొంతుకు అడ్డం పడుతుంది, పైగా ఇట్లాంటి చోట్ల నవ్వుతూ పరిగెత్తుతూ తింటారు. అందుకని దారిలోనే మేం తిని ఖాళీ చేశాం. మధ్యాహ్నం చిన్ని పెరుగన్నం నాలుగు ముద్దలు తిని, ఐదో ముద్ద నోట్లో ఉండగానే నా భుజం మీద వాలిపోయింది.

అప్పుడు మా అబ్బాయినీ కోడలినీ మీరిద్దరూ పోయి రాండి అని పంపించాను. పిల్ల పుట్టిన తర్వాత వాళ్లిద్దరూ ఒక్కరోజు అట్లా చేతులు ఊపుకుంటూ నడిచింది లేదు. కోడలు "మామా, మీకు కష్టమవుతుందేమో" అని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. వాళ్లు రికాయిల్ ఎక్కారు. ఆ రైడ్ బండిని మొదట వెనక్కి, పైకి లాక్కెళ్లి వదిలేస్తుంది. అది తలకిందులుగా తిరిగి, అవతలి చివర ఎక్కి, మళ్లీ అదే దారిలో వెనక్కి తిరిగొస్తుంది. చెట్టు నీడలో పిల్లను ఒళ్లో వేసుకుని చూస్తూ కూర్చున్నాను. అంత కేకల మధ్య చిన్ని కదల్లేదు. దిగి వచ్చినప్పుడు మా కోడలి జడ ఊడిపోయి, ముఖమంతా నవ్వు. పెళ్లినాటి ఫొటోలో ఉన్న ముఖం మళ్లీ చూశాను. పసిపిల్లతో పార్కుకు పోయేవాళ్లకు నేను చెప్పేది ఇదే. రైడ్లు ఎక్కని మనిషి ఒకరు తోడుండాలి. అవ్వనో, అబ్బనో, పిన్నమ్మనో బతిమాలుకుని తీసుకుపోండి. తల్లిదండ్రులిద్దరే పోతే ఒకరి తర్వాత ఒకరు ఎక్కాలి, అది వేరే రకం అలసట.

పిల్ల లేచాక ఇంకొన్ని చూశాం. ఒక పెద్ద బొమ్మ వేషగాడు షేక్‌హ్యాండ్ ఇవ్వబోతే చిన్ని నా కాళ్ల వెనక దాక్కుంది, అతను పాపం మర్యాదగా పక్కకు తప్పుకున్నాడు. పిల్లల రైలు ఎక్కాం, ఆ సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పోయేముందు మళ్లీ రాట్నం.

ఇంటికొచ్చిన తర్వాత కూడా చిన్ని తలుపు గడియను పైకీ కిందికీ ఆడిస్తూ "కాంకు" అంటోంది. అందుకే ఒక గుర్రం చేస్తున్నాను. పాత సైకిల్ పెడల్ క్రాంకు తీసుకుని చూశాను గానీ, దాని చెయ్యి 17 సెంటీమీటర్లు, పైకి అంత, కిందికి అంత, అంటే గుర్రం 34 సెంటీమీటర్లు లేస్తుంది. రెండేళ్ల పిల్లకు అది ఎక్కువ. 5 సెంటీమీటర్ల వంకర చాలు, గుర్రం 10 సెంటీమీటర్లు ఆడుతుంది. ఆ కడ్డీ వంచమని వెల్డింగ్ షాపులో ఇచ్చాను. గుర్రం తల వేపచెక్కతో నేనే చెక్కుతున్నాను. నోటి దగ్గర ఒక బొరుగు పట్టేంత సందు వదిలాను, నడుముకు బెల్టు కూడా పెడుతున్నాను.