సీతమ్మ తల్లిగారింటికి రైలుబండి

శ్రీరామనవమి రోజు మా అమ్మ టీవీ ముందు నుంచి లేవదు. భద్రాచలం కల్యాణం అయ్యేదాకా ఎవరు పిలిచినా పలకదు. కొన్నాళ్లకు ఆర్టీసీ కార్గోలో ముత్యాల తలంబ్రాల ప్యాకెట్ హనుమకొండలోని మా ఇంటికి వస్తుంది. కళ్లకద్దుకుని దేవుడి అర్రలో పెట్టుకుంటుంది. భద్రాచలం తలంబ్రాలలో గులాల్ కలుపుతారు కాబట్టి మిగతా చోట్లలా పచ్చగా కాక ఎర్రగా ఉంటాయి.

పోయినేడు ఆ ప్యాకెట్ చేతిలో పట్టుకుని అంది: "మనం ఎప్పుడూ రాముడి దిక్కే ఉంటిమి బిడ్డా. పిల్ల తల్లిగారోళ్లకు ఈ తలంబ్రాలు ఎవరన్న ఇచ్చొచ్చిండ్రా?"

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. అమ్మకు 67 ఏళ్లు. మా ఒక్కగానొక్క మేనమామ పోయి ఎనిమిదేళ్లయింది, అమ్మ పుట్టినూళ్లో ఇల్లు కూడా అమ్మేశారు. పుట్టింటివాళ్లు ఆడబిడ్డ ఒడిలో పోసే ఒడిబియ్యం అప్పటినుంచి అమ్మకు పోసినవాళ్లు లేరు. తను ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు. కానీ ఎవరింట్లోనైనా ఒడిబియ్యం పోస్తున్నారని పిలిస్తే ఏదో ఒక వంక చెప్పి వెళ్లడం మానేసింది.

సీతమ్మ పుట్టిన జనక్‌పుర్ నేపాల్‌లో ఉంది. బీహార్‌లోని జయనగర్ నుంచి అక్కడికి రైలుంది. లాహోర్ వైపు వెళ్లే సంఝౌతా ఎక్స్‌ప్రెస్ 2019లో ఆగిపోయింది, ఢాకా వెళ్లే మైత్రి 2024లో ఆగిపోయింది. ఈ చిన్న బండి మాత్రం సరిహద్దు దాటుతూనే ఉంది. నాన్నకు మోకాళ్ల నొప్పులు, రానన్నారు. కార్తీక పౌర్ణమి వెళ్లిన వారానికి అమ్మా నేనూ బయలుదేరాం.

దర్భంగా దాకా నేరుగా వెళ్లే బండిలో టికెట్లు దొరకలేదు. కాజీపేటలో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. స్లీపర్‌లో కాళ్లు పెట్టే చోటు లేదు. రామగుండం, బల్లార్షా, నాగపూర్ దాటి మర్నాడు సాయంత్రానికి గాని దానాపూర్ చేరదు. బండి నిండా మన దగ్గర పనిచేసే బీహారీలే. మా ఎదురు సీటు అబ్బాయి సుల్తానాబాద్‌లో ఒక రైస్‌మిల్లులో హమాలీ. ఊరు మధుబని దగ్గర. ఆరేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాడట, తెలుగు బాగానే మాట్లాడుతున్నాడు. చెల్లెలి పెళ్లికి పోతున్నాడు.

మార్గశిర శుద్ధ పంచమి నాడు సీతారాముల పెళ్లయిందని ఆ అబ్బాయి ఊరి వైపు నమ్మకం, వివాహ పంచమి అంటారు. మనకేమో చైత్రంలో నవమి. అమ్మ ఆశ్చర్యపోయి, "మరి చెల్లె పెళ్లి గా రోజే పెట్టుకోకపోయిండ్రు? ఇంకెన్ని దినాలున్నది?" అంది.

"వద్దమ్మా. ఆ రోజు మేం ఆడపిల్లకు పెళ్లి చెయ్యం. సీతమ్మ చానా కష్టాలు పడ్డది."

మన వైపు కల్యాణం తలంబ్రాలు నెత్తిన పడితే పెళ్లికాని పిల్లకు పెళ్లవుతుందని ఎదురుచూస్తాం. అక్కడ అదే పెళ్లిరోజుకు భయపడతారు. అమ్మ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఇటార్సీ వచ్చాక అంది: "వాళ్ల పిల్ల గదా. వాళ్లకే తెలుస్తది."

పట్నా నుంచి జయనగర్ ప్రయాణం గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. ఒళ్లంతా నొప్పులు, సగం నిద్ర. మధుబని స్టేషన్‌లో మాత్రం మెలకువ వచ్చింది. గోడల నిండా మిథిలా బొమ్మలు, పెద్ద పెద్ద కళ్ల పెళ్లికూతుళ్లు.

జయనగర్‌లో మన స్టేషన్ పక్కనే నేపాల్ బండి ఆగే స్టేషన్ ఉంది. వంతెనెక్కి అటు దిగాలి. ఈ బండిలో భారతీయులు, నేపాలీలు మాత్రమే వెళ్లొచ్చు. వీసా అక్కర్లేదు, గుర్తింపు కార్డు కావాలి. అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. నేను ఆధార్ తీసి చూపించాను. అది చెల్లదన్నారు. పాస్‌పోర్ట్ గాని, ఓటరు కార్డు గాని ఉండాలి. 65 దాటినవాళ్లకు ఆధార్ సరిపోతుంది కాబట్టి అమ్మకు ఇబ్బంది లేదు, ఆగిపోయేది నేనే. బ్యాగు మొత్తం కింద కుమ్మరిస్తే పర్సు లోపలి అరలో పాత ఓటరు కార్డు దొరికింది. వెళ్లేవాళ్లు ఈ ఒక్కటి మర్చిపోకండి.

తర్వాత సామాను తనిఖీ. అమ్మ సంచిలో రవికె గుడ్డలో కట్టిన మూట ఉంది. విప్పమన్నారు. ఎర్రటి బియ్యం, మధ్యలో రెండు ముత్యాలు. "ఏంటివి?" అన్నాడు ఆయన. నేను హిందీలో మాటలు వెతుక్కునేలోపు అమ్మే చెప్పింది: "షాదీ కే చావల్. సీతమ్మ షాదీ." ఆయన ఒక్క క్షణం చూసి, ఒక్క గింజ కింద పడకుండా మళ్లీ ఎలా ఉందో అలా ముడివేసి రెండు చేతులతో అమ్మకు ఇచ్చాడు.

బండి చెన్నైలోని రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో తయారైన డెము, అంటే డీజిల్‌తో నడిచే లోకల్ రైలు. 2020లోనే నేపాల్ చేరినా, పట్టాల మీద ప్రయాణికులతో నడిచింది మాత్రం 2022 ఏప్రిల్‌లో. అంతకుముందు ఇక్కడ 1937 నుంచి 2014 దాకా నారోగేజ్ బండి నడిచింది. అడవుల్లో కలప మోయడానికి వేసిన లైను అది. ఆ బండి పైకప్పు మీద కూర్చుని పోయేవాళ్లమని మా పక్కన కూర్చున్న పెద్దావిడ చెప్పింది. ఆమె పుట్టింది జయనగర్ పక్క పల్లెలో, ఇచ్చింది జనక్‌పుర్‌లో. అన్న కొడుకును చూసి తిరిగి వెళ్తోంది. రెండు దేశాల మధ్య తమది రోటీ-బేటీ సంబంధం అంటారు అక్కడివాళ్లు. ఇటు పిల్లనిస్తారు, అటు నుంచి తెచ్చుకుంటారు. ఆమె లెక్కలో సరిహద్దుకు ఇవతల తల్లిగారిల్లు, అవతల అత్తగారిల్లు.

"దాటినమా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. నేనూ కిటికీకి ముఖం ఆనించి చూస్తూనే ఉన్నాను. మూడు కిలోమీటర్లు కూడా కాలేదు. కంచె లేదు, గోడ లేదు. కోసిన వరి మడులు, పశువులు, సైకిలు మీద గడ్డిమోపు. నా ఫోన్లో సిగ్నల్ పోయింది. బండి ఇనర్వా స్టేషన్‌లో ఆగింది, నేపాల్ వచ్చేశాం. అక్కడి గడియారం మనకన్నా పావుగంట ముందుంటుంది. తర్వాత ఖజురీ, మహినాథ్‌పుర్. ఆ తర్వాతి స్టేషన్ బోర్డు చదివి నేను అమ్మ భుజం తట్టాను. వైదేహి. ఆ స్టేషన్ పేరే అది! అమ్మ బోర్డుకు చేతులెత్తి దండం పెట్టింది. ఎదుటి సీటు పిల్లలు కూడా చూసి దండం పెట్టారు.

జానకీ మందిరం పాలరాతి కోటలా ఉంటుంది. 1910 ప్రాంతంలో మధ్యప్రదేశ్ వైపున్న టీకంగఢ్ రాణి వృషభాను కట్టించింది. తొమ్మిది లక్షలు ఖర్చయిందని నౌలఖా మందిర్ అంటారు. కానీ అమ్మ నిలబడిపోయింది పక్కనున్న వివాహ మండపం దగ్గర. లోపల సీతారాముల పెళ్లి విగ్రహాలు, చుట్టూ పెళ్లిపెద్దలు. నాలుగు మూలలా నాలుగు చిన్న మండపాలు, ఒక్కో జంటకు ఒకటి. అమ్మ తలంబ్రాలు లోపల ముందు సీతమ్మ దగ్గర పెట్టింది. తర్వాత ఊర్మిళ మండపం వెతికి అక్కడా పెట్టింది. "పద్నాలుగేండ్లు పండుకున్నది. ఈ పిల్లను ఎవరడిగిండ్రు?" అని గొణిగింది.

మర్నాడు పొద్దున ధర్మశాల మెట్ల మీద రైలులో కలిసిన పెద్దావిడ కోడలితో సహా ఎదురుచూస్తోంది. అమ్మను తూర్పు ముఖంగా కూర్చోబెట్టింది. కొంగు పట్టమంది. దోసెడు బియ్యం, పసుపు కొమ్ము, గరిక పోచలు, ఒక రూపాయి బిళ్ల. కొంగులో పోసి, అందులోంచి చిటికెడు చిటికెడు తిరిగి తీసుకుంది. నుదుట సింధూరం పెట్టింది. మిథిలలో పుట్టింటి నుంచి వెళ్లే ఆడపిల్లకు ఇలా పోస్తారట. ఖోయిఁఛా అంటారని కోడలు చెప్పింది. జానకి ఊరికి వచ్చిన ఆడమనిషిని ఖాళీ కొంగుతో పంపకూడదంది ఆవిడ.

కొంగు ముడివేస్తుంటే అమ్మ చేతులు వణికాయి. ఆ ముడిని కొంగు నుంచి విప్పకుండా, జయనగర్ దాకా ఒళ్లో పెట్టుకునే కూర్చుంది.

ఇంటికొచ్చాక శుక్రవారం ఆ బియ్యం మన బియ్యంలో కలిపి వండింది. బెల్లం పరమాన్నం కూడా చేసింది. వాడకట్టులో ఐదుగురు ముత్తయిదువలను భోజనానికి పిలిచింది. ఎక్కడివమ్మా ఈ ఒడిబియ్యం అని వాళ్లడిగితే, "మా తల్లిగారోళ్లు పోసిండ్రు" అని చెప్పి వడ్డించింది.