22 చిన్న చేతులు

ఈ ఉదయం మా పాపకు టీకా వేయించాను. సూది గుచ్చగానే ఏడ్చింది, రెండు నిమిషాల్లో నా భుజం మీదే నిద్రపోయింది. అప్పటి నుంచి ఆ 22 మంది పిల్లలే గుర్తొస్తున్నారు.

1796లో ఇంగ్లండ్ వైద్యుడు ఎడ్వర్డ్ జెన్నర్, ఆవులకు వచ్చే గోమశూచి పొక్కుల రసంతో మనుషుల మశూచిని అడ్డుకోవచ్చని చూపించాడు. కానీ దాన్ని సముద్రాలు దాటించడం ఎలా? అప్పట్లో శీతల పెట్టెలు లేవు. చాలాసార్లు దారిలోనే రసం ఎండిపోయి పనికిరాకుండా పోయేది. అందుకే 1803 నవంబరులో స్పెయిన్‌లోని లా కొరూన్యా రేవు నుంచి వైద్యుడు బాల్మిస్ 22 మంది అబ్బాయిలను అమెరికా ఖండానికి వెళ్లే ఓడ ఎక్కించాడు. దాదాపు అందరూ అనాథలే, మూడేళ్ల నుంచి తొమ్మిదేళ్ల లోపు వాళ్లు. ఇద్దరి చేతులకు టీకా వేసేవారు. తొమ్మిది పది రోజులకు పొక్కు పండగానే ఆ రసాన్ని తీసి మరో ఇద్దరికి వేసేవారు. ఒకరికి ఎక్కకపోయినా గొలుసు తెగకూడదని ఇద్దరేసి. ఆ ఓడలో టీకా అట్లాంటిక్ దాటింది ఆ పసిచేతుల మీదనే.

వాళ్లను చూసుకోవడానికి అనాథాశ్రమ నిర్వాహకురాలు ఇసబెల్ సెందాల్ కూడా వెళ్లింది, తన కొడుకును వెంటబెట్టుకుని. ఊగే ఓడలో ఒకరి పొక్కు మరొకరు గోకకుండా, పగిలిపోకుండా రాత్రింబవళ్లు కాపలా కాయడమంటే మాటలా! నాకైతే ఆ ప్రయాణంలో అందరికంటే పెద్ద మనిషి ఆవిడే అనిపిస్తుంది.

ఆ పిల్లలను ఎవరూ ఇష్టం అడగలేదు. మెక్సికోకు చేరాక వాళ్లు మళ్లీ స్పెయిన్ చూడలేదు. పాప ఇంకా నిద్రలోనే ఉంది, చేతి మీద చిన్న ఎర్ర చుక్కతో.