అర ఎంఎల్ మందు

మాది భీమవరం పక్కన పల్లెటూరు. ఇంటి వెనకంతా రొయ్యల చెరువులే. ఊహ తెలిసినప్పటినుంచి రొయ్యల ఇగురు తింటూ పెరిగినదాన్ని. అలాంటిది ముప్ఫై ఒకటో ఏట, బెంగళూరు మారతహళ్ళిలో అక్క వాళ్ళింట్లో అదే ఇగురు తిన్న పావుగంటకి నా గొంతు మూసుకుపోయింది.

ముందు అరచేతులు దురద పెట్టాయి. తర్వాత పెదాలు మందంగా అయ్యాయి, ఒళ్ళంతా దద్దుర్లు. ఇంట్లో ఉన్న సెట్రిజిన్ వేసుకుని పడుకున్నాను. అక్కడే పొరపాటు జరిగింది. ఆ మాత్ర దురద తగ్గిస్తుంది గానీ, వాచిపోతున్న గొంతును తెరవలేదు, పడిపోతున్న బీపీని పైకి లేపలేదు. వాంతయ్యి, గొంతు బొంగురుపోయాక అక్కకి భయం వేసి దగ్గర్లో ఉన్న చిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దురదకి ఒక ఇంజెక్షన్, స్టెరాయిడ్ ఒకటి ఇచ్చి గంటలో ఇంటికి పంపేశారు. రాత్రి పదకొండింటికి మళ్ళీ మొదలైంది. ఇలాంటి ఎలర్జీ రియాక్షన్ తగ్గినట్టే తగ్గి కొన్ని గంటలకి తిరగబెట్టవచ్చని మాకెవరూ చెప్పలేదు.

ఈసారి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాం. చూసీ చూడగానే తొడ పక్కన కండలోకి ఎడ్రినలిన్ అనే మందు ఇంజెక్షన్ ఇచ్చారు. గుండె దడదడలాడింది, చేతులు వణికాయి. నాలుగైదు నిమిషాల్లో ఊపిరి లోపలికి దిగింది. ఆ ఊపిరి నాకు ఇప్పటికీ గుర్తే. మొదటి ఆసుపత్రిలోనే అందాల్సిన మందు అర్ధరాత్రి వచ్చిందని తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

నెల తర్వాత ఎలర్జీ స్పెషలిస్టు దగ్గర స్కిన్ ప్రిక్ టెస్టు చేయించుకున్నాను. ముందు వారం రోజులు ఎలర్జీ మాత్రలు ఆపమన్నారు. ముంజేతి మీద పెన్నుతో గీతలు గీసి, ఒక్కో చుక్క వేసి, సూదితో పైపైన గుచ్చారు. పావుగంటలో రొయ్య చుక్క దగ్గర దోమ కుట్టినదానికి నాలుగింతల దద్దురు లేచింది. పీత దగ్గరా లేచింది, పరుపుల్లో ఉండే డస్ట్ మైట్స్ అనే సన్నటి పురుగుల చుక్క దగ్గరా లేచింది. చేప దగ్గర ఏమీ లేదు. చేపల పులుసు మిగిలిందని అక్కడే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

రొయ్యలో ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ ఉంటుందట. పీతల్లో, బొద్దింకల్లో, డస్ట్ మైట్స్‌లో ఉండేదీ దాని చుట్టమేనట. వేడికి అది చెడదు. "బాగా ఉడికిస్తే ఏం కాదే" అని అమ్మ అంటూ వచ్చిన మాటకి ఆ రోజుతో జవాబు దొరికింది. నాకు ముప్పు ఇగురుతో కంటే వంకాయ కూరలో కనిపించకుండా కలిసిపోయే రొయ్యపొట్టుతో, హోటల్లో రొయ్యలు వేయించిన నూనెలోనే వేయించే చికెన్‌తో ఎక్కువ.

పూర్తిగా నయం చేసే మందు లేదా అని అడిగాను. వేరుశనగ ఎలర్జీ ఉన్న పిల్లలకి రోజూ కొద్దికొద్దిగా వేరుశనగ పొడి ఇచ్చి ఒంటికి అలవాటు చేసే మందుకి అమెరికాలో 2020లో అనుమతి వచ్చింది. 2024లో ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్‌కీ అక్కడ అనుమతి ఇచ్చారు. అవి పొరపాటున తిన్నా రియాక్షన్ తీవ్రత తగ్గడానికే తప్ప, ఇష్టమొచ్చినట్టు తినడానికి కాదు. "మీకు మాత్రం రొయ్యలు మానేయడం, ఎడ్రినలిన్ దగ్గర ఉంచుకోవడం. ఈ రెండే" అన్నారు డాక్టరు.

విదేశాల్లోలా నొక్కితే చాలు మందు దిగిపోయే ఎడ్రినలిన్ పెన్ను మన మందుల షాపుల్లో మామూలుగా దొరకదు. అందుకే డాక్టరు ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు సీసా), సిరంజి రాసిచ్చి, ఉప్పునీళ్ళ సెలైన్ ఆంప్యూల్‌తో నాకూ అక్కకీ నేర్పించారు. ఆంప్యూల్ మెడ దగ్గర గుడ్డ చుట్టి తుంచడం, సిరంజిలో సరిగ్గా అర ఎంఎల్ ఎక్కించడం, తొడ బయటివైపు నిటారుగా గుచ్చడం. అది నా బరువుకి లెక్కకట్టి చెప్పిన డోసు, ఎవరి డోసు వాళ్ళ డాక్టరే చెప్పాలి. మొదటి ఆంప్యూల్ అక్క చేతిలో నలిగి ముక్కలైంది. ఆరోది శుభ్రంగా విరిగింది.

ఎనిమిది నెలలకి అది అక్కరకొచ్చింది. ఆఫీసు పార్టీలో చికెన్ రెండు ముక్కలు తిన్నాను. అరచేతులు దురద మొదలై, గొంతు పట్టేసింది. ఈసారి మాత్ర కోసం వెతకలేదు. బాత్రూమ్‌కి ఒంటరిగా పోలేదు. అక్కడే నేలమీద కూర్చుని ఆంప్యూల్ తుంచి, చుడీదార్ మీదనుంచే గుచ్చుకున్నాను. తర్వాత కాళ్ళు కుర్చీ మీద పెట్టి పడుకోబెట్టారు, అంబులెన్స్ వచ్చింది. రాత్రంతా ఆసుపత్రిలో ఉంచి పంపారు. రెండోసారి ఇంజెక్షన్ అవసరం పడలేదు.

ఎడ్రినలిన్‌కి వెలుతురు, వేడి పడవు. రంగు మారితే పారేయాలి. అమ్మ ప్రతి నెలా ఒకటో తారీఖున ఫోన్ చేస్తుంది. రొయ్యల ధర, మా చెరువు సంగతులు అయ్యాక, "మందు చూశావా అమ్మలూ?" అంటుంది. డబ్బాలోంచి తీసి కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంటాను.

"నీళ్ళలా తేటగా ఉందమ్మా."