ఎవరి మెడ మీద?

మా అమ్మ పంపిన సందేశాన్ని నా కూతురు బిగ్గరగా చదివింది. "తాతయ్య మెడ మీద పడుకున్నారు." చదివాక ఫోను కిందికి దించి, నిజమైన ఆందోళనతో నన్ను అడిగింది: "ఎవరి మెడ మీద?"

నవ్వు ఆపుకుని "మేడ మీద" అని చెప్పడానికి నాకు కొంతసేపు పట్టింది. అమ్మ రాసింది తెలుగే, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ లిపిలో మెడకూ మేడకూ తేడా లేదు. నేను తడుముకోకుండా సరిగ్గా చదువుతాను, ఎందుకంటే మా నాన్న ఎవరి మెడ మీదా పడుకునే మనిషి కాదని నాకు తెలుసు. పదమూడేళ్ల పిల్లకు, అదీ తాతయ్యను ఎక్కువగా తెర మీదే చూసిన పిల్లకు, ఆ భరోసా ఎక్కడి నుంచి వస్తుంది?

పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్లం నలుగురం కలిస్తే ఫోన్లను తిట్టుకోవడం మామూలే. ఫోన్ల వల్లే పిల్లలకు భాష పోతోందని అంటాం. నేనూ అన్నాను. సాఫ్ట్‌వేర్ పని చేసి బతుకుతున్నదాన్ని కాబట్టి నా తిట్లలో సాంకేతిక పదాలు కాస్త ఎక్కువగా ఉండేవి కూడా. మెడ సంగతి తర్వాత నా నోరు కొంచెం తగ్గింది. మా అందరి ఫోన్లలోనూ తెలుగు కీబోర్డు ఉంది. కావాలనుకుంటే అర నిమిషంలో తెరుచుకుంటుంది. మా కుటుంబం గ్రూపులో పెద్దవాళ్లం పదకొండు మందిమి ఉన్నాం. ఒక్కరమూ దాన్ని తెరవలేదు.

ఒకప్పుడు మాకు మంచి సాకే ఉండేది. ఎస్సెమ్మెస్ రోజుల్లో ఒక సందేశంలో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పట్టేవి, తెలుగైతే 70. ఆ 70లో కూడా గుణింతపు గుర్తు వేరు, పొల్లు వేరు, వత్తుకు వచ్చే హల్లు వేరు, అన్నీ విడివిడిగా లెక్కకొచ్చేవి. అంత పొదుపుగా రాసి పంపినా అవతలి ఫోనులో ఫాంటు లేకపోతే వరసగా ఖాళీ డబ్బాలు కనిపించేవి. 1991లో, ప్రపంచ లిపులకు కంప్యూటర్లలో ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది కానీ, ఆ చోటు మా చేతుల్లోని ఫోన్ల దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

అయితే ఆ మొదటి రోజుల్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసినవాళ్లు మాలాగా ఇష్టం వచ్చినట్లు రాయలేదు. ఇంటర్నెట్‌లో జనం రాసుకుంటూ చర్చించుకునే న్యూస్‌గ్రూపుల కాలంలో ఆర్‌టీఎస్ అనే పద్ధతి ఒకటి ఉండేది. అందులోని మొదటి అక్షరం రైస్ విశ్వవిద్యాలయం పేరు నుంచి వచ్చింది. దాని ప్రకారం త రాయాలంటే చిన్న టీ, ట రాయాలంటే కేపిటల్ టీ. ల చిన్న ఎల్, ళ కేపిటల్ ఎల్. ఎ చిన్న ఈ, ఏ కేపిటల్ ఈ. మాట మధ్యలో కేపిటల్ అక్షరాలు తలలెత్తి నిలబడి, చూడటానికి పళ్లూడిన దువ్వెనలా ఉండేది. కానీ అందులో మేడ మేడే, మెడ మెడే. ఫోన్లు వచ్చాక ఆ కాస్త క్రమశిక్షణనూ వదిలేశాం. కేపిటల్ కావాలంటే ఒక మీట అదనంగా నొక్కాలి కదా!

మాకు దానివల్ల నష్టమేమీ కలగలేదు. మాటలు ముందే మా చెవుల్లో ఉన్నాయి, అక్షరాలు వాటిని గుర్తు చేస్తే చాలు. పిల్లలకు అలా కాదు. వాళ్లలో చాలామందికి ఆ మాటతో తొలి పరిచయమే ఆ గ్రూపులో. పాటా పాతా ఒక్కటే, కలా కళా ఒక్కటే. ఆ చదువు చెప్పింది మేమే.

అనువాద యంత్రం సంగతి కూడా చెప్పాలి. ఒకరోజు నా కూతురు నాకు తెలుగు లిపిలో సందేశం పంపింది: "మీరు ఎప్పుడు తిరిగి వస్తారు?" నాకు ఒక్క క్షణం గుండె ఝల్లుమంది. కోపం వచ్చినా నన్ను నువ్వు అనే పిల్ల. తర్వాత తెలిసింది, యంత్రానికి నువ్వు, మీరు ఒకే మాటలోంచి పుడతాయట, అది మర్యాద వైపు మొగ్గిందట. అదే యంత్రం మా చెల్లెలిని ఈ పిల్లకు అత్తను చేసింది. పిన్ని అత్త అయితే పిన్ని పిల్లలు ఏమవుతారో ఆలోచించండి. మా చెల్లెలు మాత్రం అసలు పట్టించుకోలేదు. "రాసింది కదా, అదే చాలు" అని మురిసిపోయింది.

అక్షరాలు నేర్పే ఆప్‌లు కూడా ప్రయత్నించాం. ఏనుగు ఎగిరి చప్పట్లు కొట్టి నక్షత్రాలు ఇస్తుంది. నాలుగు రోజుల తర్వాత మా ఇంట్లో నక్షత్రాలు చాలా పోగయ్యాయి, అక్షరాలు మాత్రం అ, ఆ దగ్గరే ఆగాయి. వాటి మీద నాకున్న అభిప్రాయం ఇక్కడ రాయకపోవడమే మంచిది.

చివరికి పని చేసింది ఒక పాత వార్త. 2018 ఫిబ్రవరిలో, జ్ఞా అనే అక్షరం ఒక ప్రత్యేకమైన పద్ధతిలో కూర్చి పంపితే ఐఫోన్లలో దాన్ని చూపించబోయిన ఆప్ కుప్పకూలేది. ఆపిల్ అదే నెలలో ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌కు 11.2.6 అనే కొత్త కూర్పు విడుదల చేసి సరిదిద్దింది. మామూలుగా రాసిన జ్ఞానంతో ఏ ఇబ్బందీ లేదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత అక్షరాలు అతుక్కోకుండా విడదీసే ఒక గుర్తు, చివర దీర్ఘం, ఈ వరసలో వస్తేనే చిక్కు. ఆ విడదీసే గుర్తు కంటికి కనిపించదు.

"మన అక్షరం ఐఫోన్‌ను పడగొట్టిందా?" అని నా కూతురు కళ్లు పెద్దవి చేసింది. వెంటనే అది ఎలా రాయాలో చూపించమంది. కీబోర్డు తెరిచాను. జ కొట్టింది, పొల్లు పెట్టింది, ఞ కొట్టగానే అది కిందికి జారి వత్తుగా మారింది. తర్వాత దీర్ఘం. అప్పుడు చెరిపే మీట నొక్కమన్నాను. అక్షరం మొత్తం పోతుందనుకుంది. దీర్ఘం ఒక్కటే పోయింది. ఇంకోసారి నొక్కితే వత్తు పోయి పొల్లు తేలింది. ఇంకోసారి నొక్కితే జ ఒక్కటే మిగిలింది. పలక మీద నాకు నెలల తరబడి చెప్పిన సంగతి అక్కడ మూడు నొక్కుల్లో కనిపించింది: అక్షరం లోపల ఏయే ముక్కలున్నాయో. ఆ సాయంత్రం తను క్ష, స్త్రీ, లక్ష్మి అన్నీ కట్టి, ఊడదీసి, మళ్లీ కట్టింది. "ఇందులో జ ఎక్కడ వినిపిస్తోంది?" అని జ్ఞా గురించి అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. పలకడం గ్నా అనే పలుకుతాను నేనూ.

ఇప్పుడు తను గ్రూపులో తెలుగు లిపిలో రాస్తోంది. నెమ్మదిగా, తప్పులతో. ళ అవసరమైన చోట ల, ల అవసరమైన చోట ళ. ఎవరూ దిద్దడం లేదు. నేను దిద్దబోతే మా ఆయన కళ్లతోనే ఆపారు.

మొన్న అమ్మ ఎప్పటిలాగే ఇంగ్లీషు అక్షరాల్లో పెద్ద సందేశం పెట్టింది. కింద నా కూతురు జవాబు: "అమ్మమ్మా, తెలుగులో రాయి. ఇది నాకు చదవడం రావడం లేదు."

రెండు నిమిషాల్లో అమ్మ నాకు ఫోన్ చేసింది. "నేను రాసింది తెలుగే కదే!" అంది. నేనేమీ అనలేదు. కాసేపు ఆగి, గొంతు తగ్గించి అడిగింది: "ఇంతకీ ఆ కీబోర్డు ఎక్కడుంటుంది?"