ముఠా కూలీ లేని లోడు

నలభై ఏడు కొనుగోలు బిల్లులు, ఒక్కటీ యాభై వేలు దాటలేదు. 48,600, 49,250, 47,900, అన్నీ ఆ గీతకి కిందే ఆగిపోయాయి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే రవాణాకి ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-వే బిల్లు కావాలని వ్యాపారం చేసేవాళ్లందరికీ తెలుసు కాబట్టి చూడగానే అనుమానం వస్తుంది. కానీ అనుమానం సాక్ష్యం కాదు, చిన్న లోడ్లు తెప్పించుకునే షాపులు బోలెడున్నాయి.

మోసం కేసుల్లో కంప్యూటర్లు, ఫోన్లు పరిశీలించి ఏం జరిగిందో చెప్పడం నా పని. విజయవాడలో ఒక హోల్‌సేల్ వ్యాపారి తన దగ్గర తొమ్మిదేళ్లుగా లెక్కలు రాస్తున్న గుమస్తా సరుకు రాకుండానే దొంగ బిల్లులు ఎక్కించాడేమోనని అనుమానం వచ్చి పిలిచారు. "నా చేతి కింద పెరిగిన కుర్రాడండీ, తప్పు చేయలేదని తేలితే నాకంటే సంతోషించేవాడు ఉండడు" అన్నారు. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది, ఎందుకంటే మేము రాసే ఒక్క వాక్యంతో ఒక మనిషి ఉద్యోగం, పరువు, ఒక్కోసారి జైలు కూడా తేలిపోతాయి.

ముందు బిల్లుల పీడీఎఫ్‌లు చూశాను. బిల్లుల మీద తేదీలు ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా ఉన్నాయి, ఫైళ్ల లోపల దాగి ఉండే సమాచారం చూస్తే మాత్రం అన్నీ రెండే రాత్రుల్లో, పదకొండుకీ పన్నెండున్నరకీ మధ్య తయారయ్యాయి. ఇలాంటిది కనబడగానే దొరికిపోయాడు అనుకోకూడదు. ఆ కంప్యూటర్ గడియారం సరిగ్గా ఉందా, ఆ టైము మన టైమేనా లేక ఐదున్నర గంటలు కలుపుకోవాల్సిన యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక) టైమా అన్నది తేల్చుకోవాలి. అన్నీ సరిచూసుకున్నాక గుమస్తాని అడిగితే "పాత కాగితం బిల్లులన్నీ ఒకేసారి కూర్చుని ఎక్కించానండీ" అన్నాడు. అలా జరగడానికి వీలుంది కూడా. అంటే ఈ ఆధారం ఒక్కదానితో పని జరగదు.

ఆ సాయంత్రం షాపు ముందు లోడు దింపుతుంటే టీ తాగుతూ చూస్తున్నాను. దింపడం అయిపోగానే ముఠా, అంటే లోడు దింపే కూలీల జట్టు, మేస్త్రీ వచ్చి కూలీ డబ్బులు తీసుకుని పుస్తకంలో సంతకం పెట్టి వెళ్లాడు, అదే ఖర్చు కాసేపటికి లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీలోకి ఎక్కింది. మర్నాడు పొద్దున మొదలుపెట్టి ఆ తొమ్మిది నెలల కొనుగోళ్లన్నిటినీ ముఠా కూలీ ఎంట్రీలతో జతచేసుకుంటూ పోయాను. నిజమైన లోడ్లకి దాదాపు అన్నిటికీ అదే రోజో మర్నాడో కూలీ పడింది, పడని నాలుగైదింటికి సప్లయర్ మనుషులే దింపారని పక్కన రాసి ఉంది. ఈ నలభై ఏడింటిలో ఒక్కదానికీ కూలీ లేదు. ఇరవై రెండు లక్షల సరుకు లారీలోంచి తనంతట తాను దిగదు కదా.

సత్యం కంప్యూటర్స్ కేసు నాకు పాఠంలా అనిపించేది ఇందుకే. 2009 జనవరి 7న లెక్కలు తప్పని ఒప్పుకుంటూ ఆ కంపెనీ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చినప్పుడు అందరం లేని బ్యాంకు బ్యాలెన్సు గురించే మాట్లాడుకున్నాం. నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించింది ఆ ఇన్వాయిస్‌ల సంగతి. అక్కడ మామూలుగా బిల్లు పుట్టాలంటే ముందు ప్రాజెక్టుకి ఒక నంబరు రావాలి, ఉద్యోగులు తాము పనిచేసిన గంటలు ఆన్‌టైమ్ అనే అప్లికేషన్‌లో ఎక్కించాలి, రేట్లు కలవాలి, ఆ తర్వాతే ఇన్వాయిస్ సిస్టమ్‌లోకి వస్తుంది. అలా కాకుండా నేరుగా చివరి మెట్టు మీదే ఎక్కించిన 7,561 ఇన్వాయిస్‌లను దర్యాప్తులో పట్టుకున్నారు. అన్ని అధికారాలూ ఉండే సూపర్ యూజర్ లాగిన్‌తో వాటిని దాచేశారు, బిజినెస్ యూనిట్ల వాళ్లకి అవి కనిపించవు, లెక్కల్లో మాత్రం అమ్మకాలుగా ఉంటాయి. పని గంటల్లేని బిల్లులు, ముఠా కూలీ లేని లోడు, రెండూ ఒకటే. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు ఆ కేసులో పది మందిని దోషులుగా తేల్చింది.

మళ్లీ మా కేసుకొస్తే, నాకు నిజంగా బాధ కలిగించిన విషయం ఒకటుంది. నేను వెళ్లకముందే యజమాని గారి అబ్బాయి, మంచి ఉద్దేశంతోనే, రెండు గంటలపాటు గుమస్తా ల్యాప్‌టాప్‌లో ఫైళ్లన్నీ తెరిచి చూశాడు. ఎవరికి ఎంత వెళ్లిందో రాసుకున్న ఒక ఎక్సెల్ షీటు దొరికితే కాలమ్‌లు సర్ది సేవ్ కూడా చేశాడు. ఇప్పుడా షీటులో చివరిగా మార్చిన సమయం ఆ అబ్బాయి సేవ్ చేసినప్పటిది. అవతలి లాయరు ఆ ఒక్క లైను చూపిస్తే చాలు.

అందుకే అడిగిన ప్రతివాళ్లకీ చెబుతుంటాను. మెషీన్ ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయకండి, ఆన్‌లో ఉంటే దాన్ని ముట్టుకోకుండా తెలిసినవాళ్లని పిలవండి. ఫోన్ రీసెట్ చేయకండి, స్క్రీన్‌షాట్ తీశాం కదా అని అసలు మెసేజ్ చెరిపేయకండి. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా 1930కి ఫోన్ చేయండి.

మేము అసలు డిస్కులోకి ఒక్క అక్షరం కూడా రాయకుండా అడ్డుపడే పరికరం పెట్టి మొత్తం కాపీ తీసుకుంటాం, దానికి వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ నోట్ చేస్తాం. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో లెక్కకడితే అది 64 అక్షరాలు, లోపల ఒక్క కామా మారినా అది పూర్తిగా మారిపోతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఈ హ్యాష్ కూడా రాయాలి, ఒక భాగం ఆధారం ఇచ్చేవాళ్లు, రెండో భాగం నిపుణులు సంతకం చేయాలి. పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్ రోజుల్లో సర్టిఫికెట్ లేక ఆధారాలు కోర్టులో నిలబడని సందర్భాలున్నాయి, ఇప్పుడు అందులో ఏం రాయాలో, ఎవరు సంతకం చేయాలో స్పష్టంగా ఉంది కాబట్టి ఈ మార్పు నాకు చాలా నచ్చింది.

ఆ ఎక్సెల్ షీటుని రిపోర్టులో ముఖ్య ఆధారంగా చూపలేకపోయాను, ఎవరు ఎప్పుడు ముట్టుకున్నారో ఉన్నది ఉన్నట్టు రాసి పక్కన పెట్టాను. ట్యాలీ ఎంట్రీలు, పీడీఎఫ్‌ల టైములు, వాటితోపాటు ముఠా మేస్త్రీ సంతకాలున్న ఆ నూనె మరకల పుస్తకం ముందు పెట్టాను.