53వ పోర్టు దగ్గర ఒక రాత్రి

నిన్న రాత్రి నా ఉబుంటు సర్వర్‌లో ఐయోడిన్ అనే డీఎన్ఎస్ టన్నెలింగ్ (డొమైన్ పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ ప్రశ్న-జవాబుల్లో ఇతర డేటాను ఇమిడ్చి పంపే) సాఫ్ట్‌వేర్‌ను ఏర్పాటు చేసుకున్నాను. అయోడిన్ మూలకం పరమాణు సంఖ్య 53, డీఎన్ఎస్ వాడే పోర్టు (నెట్‌వర్క్ ద్వారం) సంఖ్యా 53; ఆ పేరు నాకెంతో నచ్చింది. సబ్‌డొమైన్‌కు ఎన్ఎస్ రికార్డు (ఆ పేరు గురించిన ప్రశ్నలకు ఏ సర్వర్ జవాబిస్తుందో చెప్పే నమోదు) రాయడం తేలికగానే అయింది. అయితే సర్వర్‌ను ప్రారంభించగానే పోర్టు ఇప్పటికే వాడుకలో ఉందన్న సందేశం వచ్చింది. వెతికి చూస్తే, 127.0.0.53 చిరునామా మీద, ఉబుంటులో డీఎన్ఎస్ ప్రశ్నలను చూసుకునే సర్వీసైన సిస్టమ్‌డీ రిజాల్వ్‌డ్ ఆ పోర్టును పట్టుకుని ఉంది. దాని కాన్ఫిగరేషన్ ఫైలులో స్టబ్ లిజనర్‌ను (ఆ పోర్టు దగ్గర ప్రశ్నల కోసం వేచి ఉండే భాగాన్ని) ఆపి, ఆ సర్వీసును మళ్లీ ప్రారంభించాకే దారి దొరికింది.

డొమైన్ పేరులో చుక్కల మధ్య ఉండే ఒక్కో భాగం (లేబుల్) 63 బైట్లు, మొత్తం పేరు 255 బైట్లు దాటకూడదన్న 1987 నాటి నియమానికి లోబడి, ప్యాకెట్లు ముక్కలుగా డొమైన్ పేర్లలో ఇమిడి ప్రయాణిస్తాయి కనుక వేగం తక్కువే. ఐయోడిన్ డేటాను ఎన్‌క్రిప్ట్ చేయదు కాబట్టి లోపల, డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి పంపే ఎస్ఎస్‌హెచ్ నడుపుతున్నాను. ల్యాప్‌టాప్ నుంచి పంపిన మొదటి పింగ్‌కు జవాబు వచ్చినప్పుడు కలిగిన సంతోషం ఇంకా తగ్గలేదు.